మరల వ్రాయదగిన చిప్పు

మన యింటి రేడియో పెట్టె వెనుక మూత తీసి చూచిన యెడల, తీగచుట్టలు, కండెన్సర్లు, ట్రాన్సిస్టరులు ఒకదాని కొకటి సీసముతో అతికింపబడి యుండుట కానవచ్చును. ఏ తీగ యే భాగమునకు పోవలెనో, ఏ పని యెచ్చట జరుగవలెనో ఆ పెట్టెను తయారు చేసిననాడే నిర్ణయమైనది. ఆ నిర్ణయమును మార్చవలెనన్న రిపేరు చేయువాడు వచ్చి, కాల్చిన కడ్డీతో పాత అతుకులు విప్పి క్రొత్త అతుకులు వేయవలెను. నేటి కంప్యూటరు చిప్పులోను కథ యిదియే. గోరంత సిలికాను పలుకుమీద కోట్లకొలది ట్రాన్సిస్టరులును, వాని నడుమ తీగలును కర్మాగారముననే ముద్రింపబడును. అచ్చట అతుకు విప్పుట ఏ రిపేరు చేయువాని తరమును కాదు. అది శిలమీద చెక్కిన శాసనము వంటిది. ఒక్క యక్షరము తప్పినను క్రొత్త శిల తెచ్చి మొదటినుండి చెక్కవలసినదే.

మేము ఈ ప్రసంగమున చెప్పదలచినది మరియొక జాతి చిప్పును గూర్చి. ఇది శాసనము కాదు, పలక. వ్రాసినది తుడిచి మరల వ్రాయవచ్చును. కర్మాగారము విడిచిన పిమ్మట, కొన్నవారి బల్లమీద నున్నను, ఆకాశమున తిరుగు ఉపగ్రహములో నున్నను దీని లోపలి నిర్మాణమును మార్చవచ్చును. ఇంగ్లీషున దీనిని ‘ఫీల్డ్ ప్రోగ్రామబుల్ గేట్ అర్రే’ అందురు. పొడి అక్షరములలో ఎఫ్.పి.జి.ఏ. ‘ఉన్నచోటనే అమర్చుకొనదగిన ద్వారముల వరుస’ అని దాని యర్థము. ఇట్టి సౌకర్యము ఊరక రాదు. దానికి చెల్లింపవలసిన మూల్యమెంత, ఆ మూల్యమును తగ్గించుటకు పరిశోధకులు ఏమి చేసిరి, ఎట్టి పనులయందు ఆ మూల్యమును చెల్లించుట లాభకరము అను విషయములను విచారింతము.

కంప్యూటరు ఒకప్పుడు లెక్కలు వేయును, మరియొకప్పుడు పాటలు వినిపించును. అది మారుట కాదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న యుక్తమైనదే. సాధారణ ప్రాసెసరు వంటవాని వంటిది. కాగితముమీద వ్రాసి యిచ్చిన వంట నెల్ల అతడు చేయగలడు. కాని వరుసవెంట వరుస చదువుకొనుచు, ఒక పని ముగించి మరియొకటి అందుకొనవలెను. అచ్చట మారినది కాగితమే గాని వంటవాడు కాదు. దీనికి భిన్నముగా, ఒక్క పనికొరకే నిర్మించిన చిప్పు బియ్యపు మర వంటిది. వడ్లు ఆడించుట తప్ప అది వేరేమియు నెరుగదు. కాని ఆ యొక్క పనిలో దానికి సాటి వచ్చువారు లేరు. ఎఫ్.పి.జి.ఏ. ఈ రెంటి నడుమ నిలిచినది. ఉదయము వడ్లమరగా నుండి, క్రొత్త ఆజ్ఞ అందగానే తన పండ్లచక్రముల కూర్పు మార్చుకొని సాయంకాలము నూనెగానుగ కాగల యంత్ర మిది.

ఈ యూహ నిన్నటిది కాదు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన జెరాల్డ్ ఎస్ట్రిన్ 1960లో ఒక వ్యాసమున దీనిని ప్రతిపాదించెను. అంతకు ముందు ఇజ్రాయెల్ దేశమున మొదటి కంప్యూటరును నిర్మించిన బృందమునకు ఆయన నాయకుడు. కంప్యూటరులో ఒక భాగము స్థిరముగను, మరియొక భాగము చేతనున్న లెక్కనుబట్టి మార్చుకొనదగినదిగను ఉండవలెనని ఆయన భావము. కాని ఆనాడు ఆ మార్పు మనుష్యులు చేతులతో చేయవలసినది. ఒక పలకను ఊడదీసి వేరొక పలకను బిగించి, తీగలను తిరుగ తగిలింపవలెను. ఊహ ముందు పుట్టినది. దానికి తగిన వస్తువు పుట్టుటకు ఇరువదియైదేండ్లు పట్టినది.

ఆ వస్తువును తెచ్చినవాడు రాస్ ఫ్రీమన్. ఆయన 1984లో బెర్నార్డ్ వాండర్‌స్మిట్, జేమ్స్ బార్నెట్ అను వారితో కూడి కాలిఫోర్నియాలో జైలింక్స్ అను సంస్థను స్థాపించెను. ఆ సంస్థకు స్వంత కర్మాగారము లేదు. తొలి చిప్పులను జపానులోని సైకో సంస్థ తయారు చేసి యిచ్చినది. 1985లో వెలువడిన ‘ఎక్స్.సి. 2064’ అను ఆ చిప్పులో 64 తర్కపు గదులును, సుమారు 85,000 ట్రాన్సిస్టరులును ఉండెను. ఒక్కొక్క ట్రాన్సిస్టరును పొదుపుగా వాడుకొనుటయే నేర్పని యెంచిన కాలమది. మార్చుకొను సౌకర్యము కొరకు ఇన్ని ట్రాన్సిస్టరులను వెచ్చించుట దుబారాగా తోచినది. ట్రాన్సిస్టరుల వెల ఏటేట పడిపోవుననియు, అప్పుడు సౌకర్యమే విలువైన దగుననియు ఫ్రీమన్ నమ్మెను. ఆయన 1989లోనే మరణించెను గాని ఆ నమ్మకము నిజమైనది.

ఇక ఈ చిప్పు లోపల జరుగు పనిని చూతము. బడిలో పిల్లలు ఎక్కములు వల్లించుట మన మెరిగినదే. ఏడెనిమిదులెంత యని యడిగినచో బాలుడు లెక్క వేయడు. కంఠస్థమైన పట్టికలోని జవాబును చెప్పును. ఎఫ్.పి.జి.ఏ.లోని తర్కపు గదియు నిట్లే చేయును. దానిలో నున్నది చిన్న జవాబుల పట్టిక మాత్రమే. ఒక యింటిలో నీళ్ల మోటారు తనంత తాను తిరుగవలె ననుకొందము. పై తొట్టికి నీరు కావలెనా, నూతిలో నీరున్నదా, కరెంటు సరిగా నున్నదా యని మూడు ప్రశ్నలు. ఒక్కొక్కదానికి ‘అవును’, ‘కాదు’ అని రెండు సమాధానములు. అన్నియు కలసి 8 విధములు. ఈ 8 వరుసల పట్టికలో మూడును ‘అవును’ అయిన ఒక్క వరుసకు ఎదుట 1 అనియు, తక్కిన ఏడింటికి ఎదుట 0 అనియు వ్రాసినచో మోటారును నడుపు తర్కము సిద్ధమైనది. రేపు గృహస్థుడు అదే తీగకు మోటారుకు బదులుగా గంట తగిలించి, నూతిలో నీరు లేనప్పుడు అది మ్రోగవలెనని కోరినచో, పట్టికలో నూయి యెండిన 4 వరుసల యెదుట 1 వ్రాసి, తక్కిన వానిని 0 చేసిన చాలును. గదిని కదల్చలేదు, తీగను తెంచలేదు. పట్టికను మాత్రము మార్చినాము. నాలుగు ప్రశ్నల గది కైనచో 16 వరుసలుండును. ఆ యొక్క గదియే 65,536 విధములైన తర్కములలో దేనినైనను ధరింపగలదు.

గదులు మాత్రముండిన చాలదు. వానిని కలుపు త్రోవలు కావలెను. పెద్ద రైల్వే జంక్షనులో పట్టాలెన్నియో పరచి యుండును. ఏ బండి యే మార్గమున పోవలెనో మీటలనుబట్టి నిర్ణయమగును. చిప్పులోను అట్లే గదుల నడుమ తీగలు ముందుగనే పరచి, కూడలి కూడలికి మీటలుంచిరి. పట్టికల జవాబులును, మీటల స్థితులును కలిపి వ్రాసిన 0ల, 1ల పెద్ద జాబితాయే ఆ చిప్పునకు ఆజ్ఞాపత్రము. అది లోనికి చేరినంతనే చిప్పు ఆ రూపము ధరించును. వీనిలో నెక్కువ భాగమునకు కరెంటు పోయినచో జ్ఞాపకము పోవును. మరల కరెంటు రాగానే ప్రక్కనున్న వేరొక జ్ఞాపకపు చిప్పునుండి ఆ పత్రమును తిరిగి చదువుకొనును.

ఇప్పుడు మూల్యము మాట. జంక్షనులో బండ్లు నడుచు పట్టాలకంటె నడువనివే యెక్కువ. అయినను స్థలము నన్నియు ఆక్రమించును. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన ఇయాన్ కువాన్, జొనాథన్ రోజ్ అను వారు ఈ విషయమును కొలిచి 2007లో ప్రకటించిరి. ఒకే పనిని స్థిరమైన చిప్పులోను, కేవలము పట్టికల గదులతో ఎఫ్.పి.జి.ఏ.లోను అమర్చి చూడగా, రెండవదానికి సగటున 35 రెట్లు స్థలము కావలసి వచ్చినది. వేగము మూడు నాలుగు రెట్లు తగ్గినది. పనిచేయునప్పుడు వ్యయమగు విద్యుత్తు సుమారు 14 రెట్లు. నిత్యము ఒక్క పనియే చేయుచు లక్షలకొలది అమ్ముడుపోవు వస్తువునకు ఇది తగదని ఈ లెక్కలే చెప్పుచున్నవి.

ఈ మూల్యమును తగ్గించుటయే నాలుగు దశాబ్దుల పరిశోధనలో ముఖ్య భాగము. మొదటి ఉపాయము మిశ్రమము. గుణకారము వంటి పని అందరికిని కావలసినదే. దానిని పట్టికలతో కూర్చుటకంటె స్థిరమైన గుణకార యంత్రమునే చిప్పులో అచ్చటచ్చట పొదిగిన మేలు. 2001 ప్రాంతమునుండి పెద్ద ఎఫ్.పి.జి.ఏ.లలో ఇవి వాడుకలోనికి వచ్చినవి. పిమ్మట ప్రాసెసరులు సైతము వచ్చి చేరినవి. రెండవది కొంత భాగమును మాత్రము మార్చు పద్ధతి. ఇంటిలో ఒక గదికి మరమ్మతు జరుగుచుండగా కుటుంబము తక్కిన గదులలో కాపురముండునట్లు, చిప్పులో ఒక భాగము క్రొత్త రూపము పొందుచుండగా మిగిలిన భాగము తన పని మానదు. మూడవది గదులను పెద్దవి చేయుట. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క గది గాక, సంఖ్య నంతటిని ఒకే పర్యాయము కూడి గుణింపగల పెద్ద గదులను పేర్చి, వాని కూర్పును క్షణములో మార్చుదురు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు ఈ మార్గమున ‘రీడిఫైన్’ అను నిర్మాణమును రూపొందించి 2009లో దాని వివరములు ప్రకటించిరి.

నాలుగవది వ్రాతను సులభము చేయుట. ఎఫ్.పి.జి.ఏ.కు ఆజ్ఞాపత్రము వ్రాయవలెనన్న తర్కపు గదుల భాష నేర్వవలెను. వ్రాసిన పిమ్మట ఏ పనిని ఏ గదిలో నుంచవలెనో, ఏ త్రోవన కలుపవలెనో కంప్యూటరే వెదకును. పెద్ద పనులలో ఆ వెదకుటకు గంటలకొలది కాలము పట్టును. అందువలన ప్రోగ్రాములు వ్రాయువారు సామాన్యముగా వాడు ‘సి’ వంటి భాషలో వ్రాసినదానిని నేరుగా గదుల కూర్పుగా మార్చు విధానములను పరిశోధకులు కల్పించిరి. ఎస్ట్రిన్ పనిచేసిన విశ్వవిద్యాలయముననే జేసన్ కాంగ్ బృందము చేసిన ఈ కృషి ఒక సంస్థగా రూపొందగా, 2011లో జైలింక్స్ దానిని కొనెను.

మూల్యము కొంత తగ్గినను పూర్తిగా పోలేదు. మఱి ఎచ్చట దీనిని చెల్లించుట లాభకరము? పని స్థిరపడని చోటను, వస్తువును వెనుకకు తెచ్చుకొనరాని చోటను అని మా సమాధానము. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నిదర్శనము చూపెదము.

మొదటిదానికి నిదర్శనము మైక్రోసాఫ్ట్ సంస్థ చేసిన ప్రయోగము. ఆ సంస్థ వారి ‘బింగ్’ అను శోధన యంత్రము, అడిగిన మాటకు తగిన పుటలను వెదకి యోగ్యతనుబట్టి వరుసలో నిలుపును. ఆ వరుస నిర్ణయించు సూత్రములు తరచుగా మారుచుండును. వాని కొరకు స్థిరమైన చిప్పు చేయించినచో అది కర్మాగారమునుండి వచ్చునప్పటికే సూత్రము మారిపోవును. అందుచేత వారు 1,632 యంత్రములలో ఎఫ్.పి.జి.ఏ.లను అమర్చి పరీక్షించి, ఫలితములను 2014లో ప్రకటించిరి. జవాబు వచ్చుటకు పట్టు కాలము పెరుగకుండగనే ఒక్కొక్క యంత్రము చేయగల పని 95 శాతము పెరిగినది. దాదాపు రెట్టింపన్న మాట.

రెండవదానికి నిదర్శనము అంగారక గ్రహము. అమెరికా వారి ‘పెర్సెవరెన్స్’ అను శకటము 2021 ఫిబ్రవరి 18న అచ్చటి జెజెరో బిలమున దిగినది. దిగునప్పుడు దానికి చూపుగా పనిచేసిన కంప్యూటరులో ఒక ఎఫ్.పి.జి.ఏ. ఉన్నది. క్రిందికి జారుచుండగా కెమేరా తీసిన చిత్రములను, ముందుగా సిద్ధపరచిన పటముతో పోల్చి, తానెచ్చట నున్నదో తెలిసికొనుటకు అది తోడ్పడినది. రాళ్లు లేని చోటు చూచి దిగుటతో ఆ పని ముగిసినది. స్థిరమైన చిప్పైనచో అప్పటినుండి వట్టి బరువు. కాని ఇంజనీర్లు దానికి వేరొక ఆజ్ఞాపత్రము నిచ్చిరి. శకటము నేలమీద నడచునప్పుడు జంట కెమేరాల చిత్రములను పరిశీలించి, ముందున్న రాళ్లను, గుంటలను గుర్తించుటకు అదియే సాధనమైనది. ముందు వెళ్లిన ‘క్యూరియాసిటీ’ శకటము తనంత తాను దారి చూచుకొనుచు గంటకు సుమారు 20 మీటర్లు నడచుచుండగా, ఇది గంటకు 120 మీటర్లవరకు నడువగలదు. కోట్ల మైళ్ల దూరమున, మనిషి చేయి తగులకుండ, ఒక పనిముట్టు మరియొక పనిముట్టైనది.

ఆకాశమున మరియొక చిక్కు కలదు. అచ్చటి కిరణములు తగిలి ఆజ్ఞాపత్రములోని ఒక 0 ఒక్కొక్కప్పుడు 1గా మారిపోవును. సాధారణ కంప్యూటరులో దానివలన లెక్క తప్పును. ఇచ్చటనో యంత్రమే వేరొక యంత్రమగును. అందువలన ముఖ్యమైన పనిని మూడు చోట్ల చేయించి, ఇద్దరు చెప్పిన మాటనే తీర్పుగా గ్రహింతురు. అదిగాక పత్రమును మాటిమాటికి సరిచూచి తప్పులు దిద్దుచుందురు. మరల వ్రాయదగిన వస్తువును కాపాడుటకును మరల వ్రాయుటయే సాధనమైనది.

మన దేశమున ఇందుకు చక్కని ఉదాహరణము రేడియోకు సంబంధించినదే. పూనా జిల్లాలోని నారాయణ్‌గావ్ సమీపమున 45 మీటర్ల వ్యాసము గల 30 పెద్ద పళ్లెములతో ఒక రేడియో దూరదర్శిని కలదు. నక్షత్రమండలములనుండి వచ్చు సన్నని రేడియో తరంగములను అది వినును. 2010 తరువాతి యేండ్లలో దానిని నవీకరించినప్పుడు పళ్లెములను క్రొత్తవి చేయలేదు. గ్రహించు సాధనములను, గ్రహించినదానిని విడమరచు యంత్రములను మార్చిరి. ఆ యంత్రములలో ఎఫ్.పి.జి.ఏ.లు ముఖ్యమైనవి. ఒక్క పర్యాయమున వినగల తరంగముల వెడల్పు 32 మెగాహెర్ట్‌జ్‌లనుండి 400 మెగాహెర్ట్‌జ్‌లవరకు పెరిగినది. ఇట్టి దూరదర్శినులు ప్రపంచమున కొలదిగా మాత్రమే యున్నవి. కొలదిమంది కొరకు ఎవ్వరును ప్రత్యేకముగా చిప్పు పోతపోయరు. పోయించినచో వెల భరింపరానిది. మరల వ్రాయదగిన చిప్పు అట్టివారికి కర్మాగారము లేని లోటు తీర్చినది.

విద్యార్థుల విషయమునను ఇంతే. మద్రాసు ఐ.ఐ.టి. వారు ‘శక్తి’ అను ప్రాసెసరులను స్వయముగా రూపొందించిరి. ఆ వరుసలో ఒకటి 2018లో సిలికానుపై సిద్ధమైనది. ఆ రూపకల్పనలు అందరికిని ఉచితముగా లభించును. చిప్పు చేయించుకొను స్తోమత లేని కళాశాలలో సైతము, చిన్న ఎఫ్.పి.జి.ఏ. పలకపై వానిని ఎక్కించి విద్యార్థి నడిపి చూచుకొనవచ్చును. జైలింక్స్ సంస్థ హైదరాబాదులో పెద్ద రూపకల్పన కేంద్రమును నడిపినది. 2022లో ఆ సంస్థ ఏ.ఎమ్.డి.లో కలిసినది. కావున మన యువకులకు, యువతులకు ఈ విద్య పరాయిది కాదు.

ఇంత మేలు చెప్పిన పిమ్మట ఒక హెచ్చరికయు చెప్పుట ధర్మము. 1996లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయమున ఆడ్రియన్ థామ్సన్ ఒక వింత ప్రయోగము చేసెను. ఎఫ్.పి.జి.ఏ.లో ఒక మూల 100 గదులను తీసికొని, వాని కూర్పును తాను వ్రాయక, ప్రకృతిలో జీవజాతులు మారునట్లు తరతరములుగా దానంతట అదియే మారనిచ్చెను. 1 కిలోహెర్ట్‌జ్ స్వరమును, 10 కిలోహెర్ట్‌జ్ స్వరమును వేరుపరచుట దానికిచ్చిన పరీక్ష. వేలకొలది తరముల తరువాత అది కృతార్థమైనది. కాని దానిని విప్పి చూడగా, తక్కిన వానితో తీగల సంబంధము లేని గదులను కొన్నింటిని ఆపినను పని చెడుచుండెను. ఆ కూర్పును చిప్పులో వేరొక చోటికి మార్చినప్పుడు నైపుణ్యము తగ్గెను. పని జరిగినది, ఎట్లు జరిగినదో సులభముగా అంతుపట్టలేదు. వ్రాయుట సులభమైనకొలది, వ్రాసినదానిని అర్థము చేసికొను బాధ్యత పెరుగునని దీనివలన తెలియుచున్నది.

రెండవ హెచ్చరిక వ్రాయువారిని గూర్చినది. మరల వ్రాయదగినదానిని దొంగయు వ్రాయవచ్చును. అందుచేత ఆజ్ఞాపత్రమును రహస్యలిపిలో నుంచి, చిప్పు మాత్రమే దానిని చదువుకొనునట్లు ఏర్పాటు చేసిరి. 2020లో జర్మనీ దేశమున బోఖుమ్ నగరపు పరిశోధకులు, వాడుకలోనున్న ఒక తరము చిప్పులలో ఆ రహస్యలిపి నిలువలేదని కనుగొనిరి. తప్పు ఎచ్చటనున్నదో గమనింపదగును. ఆ రహస్యలిపిని చదువు భాగము పట్టికలతో కూర్చినది కాదు, కర్మాగారమున చెక్కినది. కావున లోకమున నున్న ఆ చిప్పులలో ఆ లోపమును దిద్దుటకు మార్గము లేకపోయినది. పలకయంతయు తుడిచి వ్రాయవచ్చును గాని, పలకకు వేసిన తాళము మాత్రము శాసనమైనది.

అట్లని రహస్యమంతయు సంస్థల చేతనే యుంచుటయు మేలు కాదు. ఆజ్ఞాపత్రమును వ్రాయు పద్ధతిని తయారీదార్లు చాలకాలము గుప్తముగా నుంచిరి. 2015లో కొందరు స్వతంత్ర పరిశోధకులు ఒక చిన్న జాతి ఎఫ్.పి.జి.ఏ. ఆజ్ఞాపత్రమును అంకె అంకెగా పరిశీలించి, దాని యర్థమును వెలిబుచ్చిరి. నాటినుండి అట్టి చిప్పులకు ఏ సంస్థ అనుమతియు లేకయే, ఉచితమైన సాధనములతో, విద్యార్థి తన చేతితో వ్రాసికొనగలుగుచున్నాడు. తాళము గట్టిగా నుండవలెను. తాళపుచెవి వస్తువు గలవాని చేతిలో నుండవలెను. ఈ రెండు న్యాయములను పొసగించుట నేటి పరిశోధకుల ముందున్న పని.

మన యిండ్లలోని మోటారు మీటకును, గోడ గడియారమునకును ఇట్టి చిప్పుతో పనిలేదు. వానికి శాసనమే చాలును, చవుకయు. కాని రోగి ప్రక్కన ఏండ్లతరబడి పనిచేయవలసిన యంత్రమునకు, తిరిగి రాని ఉపగ్రహమునకు, నేడు మొదలిడి ఫలితము ఇంకను తెలియని పరిశోధనకు, తప్పు దిద్దుకొను అవకాశమే ముఖ్యము. ఆ యవకాశమునకు తగిన వెల ఎంతయో, దానిని ఎవరి చేతికి అప్పగింపవలెనో తెలిసి యెన్నుకొన్నచో, ఈ చిప్పు మనకు చేయగల మేలు చాల కలదు.